మిద్దె మీద పండిన మిరపకాయలతో పొగ కారం: ఎండబెట్టాక పొగా, పొగబెట్టాక ఎండా?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మిద్దె మీద కుండీల్లోనూ పెరట్లోనూ కలిపి మూడు కిలోల దాకా పండుమిరపకాయలు వచ్చాయట. ఎక్కువ భాగం మన సన్నకాయలు, కొన్ని నర్సరీ నుంచి తెచ్చిన జలపెనో లావుకాయలు. వీటితో పొగ వాసన వచ్చే కారం చేసుకోవాలని ఉంది. ముందు ఎండబెట్టి ఆ తర్వాత పొగబెట్టాలా, పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాలా? ఏ కట్టె వాడాలి? తాతగారి కాలం నాటి పొగాకు బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే ఇల్లు) ఒకటి ఊళ్లో ఖాళీగా ఉంది, అందులో పెట్టొచ్చా?

సూటిగా చెబుతాను. ముందు ఎండలో వడలబెట్టండి, సగం తేమ పోయాక పొగబెట్టండి, తర్వాత మళ్లీ ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి పొడి కొట్టండి. కట్టె కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు, మీ చెరువుకట్ట మీద పెరిగే చిల్లకంప (సర్కారు తుమ్మ) చాలు. బ్యారన్ మాత్రం వద్దు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మిరప వేస్తాం, కొంత కాయ ఇంట్లో ఉంచుకుని కారం పట్టించి తెలిసినవాళ్లకి ఇస్తుంటాం. పొగ కారం ఏటా కొంచెమే చేస్తాం. అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లు మాత్రం మళ్లీ ఏడాది మిరప కోతలు మొదలవగానే ఫోన్ చేస్తారు.

చాలామంది పొగతోనే కాయ ఎండిపోవాలని అనుకుంటారు, తంటా అక్కడే మొదలవుతుంది. స్పెయిన్‌లో లా వేరా అనే ప్రాంతంలో మిరపను ఓక్ కట్టె పొగ మీద దాదాపు రెండు వారాలు ఉంచుతారు, రోజూ చేత్తో తిరగేస్తారు. మెక్సికోలో పండిన జలపెనోలను రోజుల తరబడి పొగలో పెట్టి చిపోట్లే చేస్తారు. వీడియోల్లో అవి చూసి మనవాళ్లూ డ్రమ్ములో పెట్టి పొద్దున్నించి రాత్రిదాకా పొగ వేస్తారు. లా వేరాలో కోతల సమయానికి వానలు, చలి మొదలవుతాయి, ఎండ సరిపోదు. నిప్పు మీద ఆరబెట్టడం వాళ్లకి తప్పని పని. అదే దేశంలో ఎండ బాగా కాసే ముర్సియా వైపు కాయను ఎండలోనే ఆరబెడతారు, ఆ పొడికి పొగ వాసన ఉండదు. మన నాగాలాండ్‌లో రాజా మిర్చిని వంటింటి పొయ్యి మీద వేలాడదీసి పొగకు ఉంచడం కూడా అక్కడి తేమ వల్లే అలవాటై ఉంటుందని నాకనిపిస్తుంది. మనకి జనవరి నుంచి మే దాకా కావలసినంత ఎండ ఉంది. అలాంటప్పుడు ఆరబెట్టే పని ఎండకి వదిలేసి, పొగని వాసన కోసమే వాడుకోవడం తెలివైన పని. కట్టె కలిసొస్తుంది, కాయ రంగు నిలుస్తుంది, మీ కళ్లూ బాగుంటాయి.

సగం ఎండాకే ఎందుకంటారా? పండుమిరపకాయలో నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై పాళ్లు నీరే. పచ్చికాయని పొగలో పెడితే ఆ నీరు బయటికొచ్చి తొక్క మీద చెమర్చుతుంది. ఆ తడికి మసి, తారు అంటుకుంటాయి. అది ఎండాక నల్లబడి చేదెక్కుతుంది, ఎంత కడిగినా పోదు. పూర్తిగా ఎండిన కాయకేమో పొగ సరిగా పట్టదు, కాస్త సెగ ఎక్కువ తగిలితే చాలు మాడిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఒక దశ ఉంది. కాయ వడలి, తొక్క ముడతలు పడి, వేళ్ల మధ్య వంచితే విరగకుండా మెత్తటి తోలులా వంగుతుంది. తొక్క మీద తడి ఉండదు, లోపల మాత్రం కొంచెం తేమ ఉంటుంది. పొగ పెట్టాల్సింది అప్పుడే.

కంటి అంచనా కుదరదనుకుంటే వంటింటి కాటా వాడండి, నన్నడిగితే అదే మేలు. సన్నకాయలు సరిగ్గా ఒక కిలో తూచి విడిగా ఒక పళ్లెంలో ఎండబెట్టండి. ఆ కిలో 600 గ్రాములకి దిగినప్పుడు పొగ మొదలుపెట్టాలి. 400 గ్రాములకి వచ్చేసరికి పొగ ఆపేయాలి. చివరికి పూర్తిగా ఎండేసరికి కాయలో తేమని బట్టి 220 నుంచి 280 గ్రాముల మధ్య ఆగుతుంది. రెండు రోజులు వరసగా తూచినా బరువు తగ్గకపోతే ఎండినట్టే. తొడిమలు తీసి పొడి కొడితే ఇంకొంచెం తగ్గుతుంది, కాబట్టి కిలో పండుకాయకి పావు కిలో కారం వస్తే మంచి దిగుబడి అనుకోండి.

జలపెనోల సంగతి వేరు. వాటికి కండ ఎక్కువ, పది కిలోల పచ్చికాయకి కిలో చిపోట్లే వస్తుందని లెక్క. మొత్తం కాయని అలాగే ఎండలో పెడితే పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల బూజు పడుతుంది. నిలువునా రెండుగా చీల్చండి, గింజలు తీసేయండి, కోసిన వైపు పైకి ఉండేలా పరచండి. వీటికి పై లెక్క పనికిరాదు, కిలో 300 గ్రాములకి దిగాక పొగకి పెట్టండి. రెండు రకాలనీ ఒకే పళ్లెంలో కలపకండి. సన్నకాయ మాడిపోయే వేళకి లావుకాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఇక బ్యారన్ సంగతి. ఈ ప్రశ్న మా వైపు కూడా చాలామంది అడుగుతారు. ఒంగోలు, కొండపి, టంగుటూరు చుట్టుపక్కల ఇప్పటికీ వరసగా బ్యారన్లు కనిపిస్తాయి, కొన్ని పాడుబడి ఉన్నాయి కూడా. పొగాకు కాల్చే ఇల్లు కాబట్టి లోపలంతా పొగే అనుకుంటారు కానీ అందులో ఆకుకి పొగ తగలదు. పొయ్యి బయటి నుంచి రాజేస్తారు, పొగ నేల మీద వేసిన ఇనుప గొట్టాల్లో తిరిగి చిమ్నీ గుండా బయటికి పోతుంది. గొట్టాల వేడే ఆకుని పండిస్తుంది. వర్జీనియా పొగాకు క్యూరింగ్ అంటే అదే. అంటే బ్యారన్‌లో మీకు వేడి దొరుకుతుంది, పొగ దొరకదు. ఆ వేడి కూడా చివర్లో ఈనె ఎండేటప్పుడు 70 డిగ్రీల దాకా వెళ్తుంది, మిరపకి అది ఎక్కువ. 60 దాటితే ఎరుపు తగ్గి ఇటుక రంగుకి తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏళ్ల తరబడి పొగాకు వేలాడిన కర్రలు, గోడలు, దుమ్ము నిండా నికోటిన్ ఉంటుంది. తినే సరుకు అక్కడ పెట్టకూడదు. శుభ్రం చేయించి, సున్నం వేయించి వాడతామని కూడా కొందరంటారు. మూడు కిలోల కాయ కోసం అంత ఖర్చు దేనికండీ?

కట్టె. ఇక్కడ మనం అదృష్టవంతులం. మెక్సికో, అమెరికా వాళ్లు పొగబెట్టడానికి మెచ్చుకునే మెస్కిట్ కట్టె మన చిల్లకంపకి దగ్గర చుట్టం, రెండూ ప్రోసోపిస్ జాతివే. ఈ చెట్టు మనది కాదు, 1870ల్లో అటవీశాఖ విత్తనం తెప్పించి నాటించింది, మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. ఇప్పుడు చెరువుల్లో, బీళ్లలో, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా అదే. రైతులకి తలనొప్పే కానీ పొగకి బంగారం. వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న కొమ్మలు కొట్టి, బెరడు చెక్కేసి, కనీసం ఒక వేసవి ఎండనివ్వండి. పచ్చి కట్టె పొగ చేదు. తొందరైతే బొగ్గు బట్టీల దగ్గర ఎండు కట్టె అడిగితే ఇస్తారు.

చిల్లకంప పొగ కాస్త గట్టిగా ఉంటుంది. మెత్తటి వాసన కావాలంటే మామిడి, జామ కట్టె వాడండి. ఉలవపాడు వైపు తోటల్లో మామిడి కొమ్మలు కొట్టినప్పుడు అడిగి తెచ్చుకోవచ్చు. మేమైతే సగం చిల్లకంప, సగం మామిడి కలుపుతాం. చింత కట్టె కూడా బాగానే ఉంటుంది. నిప్పు కోసం సర్వి (సరుగుడు) బొగ్గుని మించింది లేదు, ఎక్కువసేపు నిలుస్తుంది, దానికి సొంత వాసన ఉండదు. ఏమీ దొరక్కపోతే రైస్ మిల్లు ఊక గుప్పెడు గుప్పెడు బొగ్గుల మీద చల్లినా మంట లేకుండా నిదానంగా రగులుతుంది. దాని బూడిద ఎగురుతుంది కాబట్టి కాయకి నేరుగా కింద పెట్టకూడదు.

వాడకూడనివి: వేప (చేదు), జామాయిల్ (జలుబు మందు వాసన వస్తుంది), జీడిగింజల పెంకులు (అందులోని నూనె చర్మాన్ని, గొంతుని కాలుస్తుంది), గన్నేరు, జిల్లేడు (విషం), రంగు వేసిన చెక్క, ప్లైవుడ్. కొబ్బరి చిప్పలు చాలామంది వాడతారు గానీ తారు ఎక్కువ వదులుతాయి, నాకు నచ్చవు.

ఇప్పుడు సరంజామా. పెద్ద మట్టి బాన ఉంటే అదే మేలు. డ్రమ్ము వాడాలనుకుంటే అంతకుముందు అందులో ఏముందో కనుక్కోండి. పురుగుమందు, ఆయిల్, రసాయనాల డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. నిప్పు కాయ కిందే ఉండకూడదు, ఇది గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. కుంపటిని పక్కన పెట్టి, మూత బోర్లించి, మూడు నాలుగు అడుగుల రేకు గొట్టంతో పొగని బాన అడుగుకి తీసుకెళ్లండి. గొట్టంలో నడిచేసరికి పొగ చల్లబడుతుంది, బరువైన తారు గొట్టానికే అంటుకుని ఆగిపోతుంది. బాన లోపల వెదురు తట్ట గానీ స్టీలు జల్లెడ గానీ పెట్టి కాయలు ఒకే వరసగా పరచండి. జింకు పూత ఉన్న జీఐ జాలీ సెగ తగిలే చోట వద్దు. పైన గోనెసంచి కప్పి ఒక మూల కొంచెం తెరిచి ఉంచండి, పొగ కదులుతూ ఉండాలి. నిలిచిపోయిన పొగే చేదుకి కారణం. లోపల చెయ్యి పెడితే వెచ్చగా అనిపించాలి గానీ వెనక్కి లాక్కునేలా ఉండకూడదు. థర్మామీటర్ ఉంటే 50 దాటనివ్వకండి.

పొగ రంగు చూడండి. పలచగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉంటే అది మంచి పొగ. చిక్కగా తెల్లగానో పచ్చగానో సుడులు తిరుగుతుంటే కట్టె పచ్చిదన్నా అయి ఉండాలి, గాలి చాలకన్నా ఉండాలి. ఆ పొగ పోయేదాకా గొట్టం తీసి పక్కన పెట్టండి. కట్టెలో లిగ్నిన్ అని ఒకటి ఉంటుంది. మంట లేకుండా రగిలినప్పుడు దాంట్లోంచి గయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి, మనం పొగ వాసన అనేది చాలావరకు వాటిదే. మంట లేచిందంటే ఆ వాసన కాలిపోతుంది, మసి పెరుగుతుంది, బెంజోపైరిన్ లాంటి ఆరోగ్యానికి చెడ్డవీ పెరుగుతాయి. అందుకే పేళ్లు ఒక్కసారి కుమ్మరించకుండా పావుగంటకోసారి కొన్ని వేస్తుండాలి.

ఎంతసేపు? పగలు ఎండ, సాయంత్రం పొగ. సాయంత్రం రెండు మూడు గంటల చొప్పున రెండు మూడు రోజులు చాలు. రాత్రి కాయల్ని పట్టా మీద కుప్పచేసి కప్పేయండి. జనవరి, ఫిబ్రవరిలో తెల్లవారుజామున మంచు పడుతుంది, పరిచి వదిలేస్తే పగలంతా ఎండింది మళ్లీ మెత్తబడుతుంది. ఏప్రిల్, మే అయితే ఇంకో ఇబ్బంది, మిట్టమధ్యాహ్నపు ఎండకి కాయ మీద తెల్లమచ్చలు పడతాయి. పన్నెండు నుంచి మూడు దాకా పలచటి పాత చీర కప్పితే సరిపోతుంది.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. మనకి పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, తుపాన్లూ ఎక్కువగా అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇళ్లలో వడియాలు కూడా మెత్తబడ్డాయి. అలాంటప్పుడు చేతికొచ్చిన పండుకాయని తొడిమ తీసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, ఎండలు వచ్చాక చీల్చి ఎండబెట్టండి. మెత్తగా అవుతుంది, రంగు కాస్త తగ్గుతుంది, పొడికి మాత్రం పనికొస్తుంది. బూజు పట్టిన కాయని పొగబెట్టి బాగుచేద్దామని అనుకోవద్దు. మిరప మీద పెరిగే బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది పొగకీ పోదు, వంట వేడికీ పోదు. అనుమానం ఉన్న కాయని చీల్చి చూడండి. లోపల బూడిద రంగు నూగు కనిపిస్తే పారేయాల్సిందే, పాడైన మేరకు గిల్లేసి మిగతాది వాడటం కుదరదు.

పొడి కొట్టే రోజు కాయల్ని గంటసేపు ఎండలో పెట్టి, వేడి మీదే తొడిమలు తీయండి, పెళుసుగా విరుగుతాయి. సన్నకాయ గింజల్ని కొంతవరకు ఉంచొచ్చు. ఘాటు గింజల్లో ఉంటుందంటారు గానీ నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. గింజలు ఎక్కువైతే పొడి రంగు పాలిపోతుంది, వాటి నూనె వల్ల నిల్వ కూడా తగ్గుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే రంగు, వాసన రెండూ పోతాయి. ఆపాక అయిదు నిమిషాలు మూత తీయకండి. తీసిన మరుక్షణం ముఖం పెట్టి చూసినవాళ్ల అవస్థ ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. కాయలు చీల్చేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. అప్పటికే మంట పట్టి ఉంటే ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగాలి, ఆ ఘాటు నీళ్లలో కరగదు. పొగబెట్టేది ఆరుబయటే, ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గర్లో లేనప్పుడే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణం మీదికి తెస్తుంది.

మామూలు కారంలో చేసినట్టు ఉప్పు, మెంతులు కలపకండి. కొట్టిన రోజు వాసన కరుగ్గా, కాలినట్టు ఉంటుంది, కంగారు పడొద్దు. గాజు సీసాలో పోసి చీకట్లో ఒక వారం ఉంచితే సర్దుకుంటుంది. ఆ తర్వాత ఆరు నెలల్లో వాడేయండి, పొగ వాసన కారపు ఘాటు కంటే ముందు పోతుంది. చిలీ దేశంలో మపూచే వాళ్లు పొగబెట్టిన మిరపపొడిలో వేయించిన ధనియాలు, ఉప్పు కలిపి మెర్కెన్ అంటారు. మన ధనియాల కారానికి అది దూరపు బంధువు. కొద్దిగా విడిగా కలిపి చూడండి, వేడి అన్నంలో నెయ్యితో చాలా బాగుంటుంది.

వాడకం గురించి ఒక్క మాట. కూరలో మామూలు కారం బదులు ఇదే వేస్తే కూరంతా ఒకటే పొగ కొడుతుంది. మూడొంతుల మామూలు కారానికి ఒక వంతు చాలు. చేపల పులుసులో నేను వేయను, చింతపండు పులుపు దగ్గర ఆ వాసన తేలిపోదు, పోట్లాడుతుంది. రొయ్యల వేపుడు, కోడిగుడ్డు వేపుడు, కాల్చిన మొక్కజొన్న కంకి, వీటికి బాగా నప్పుతుంది. అన్నిటికంటే బాగుండేది మన నెల్లూరు కారం దోశె. దోశెకి పూసే ఎర్రకారం నూరేటప్పుడు అందులో అర చెంచా కలపండి, పెనం మీద నూనె తగలగానే తేడా తెలుస్తుంది.

మూడు కిలోలూ ఒకేసారి పొగకి పెట్టకండి. అర కిలో సన్నకాయతో మొదలుపెట్టి, ఒక సాయంత్రం పొగయ్యాక ఒక ముక్క నమిలి చూసి, చేదు లేదనుకుంటేనే మిగతావి పెట్టండి. వడలిన కాయల ఫొటో, పొగ ఫొటో రెండూ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.